రెండు తాళాల గోడౌను

పంకజాక్షికి ఈమధ్య ఒక పాడలవాటు పట్టుకుంది. ఎవరింటికి వెళ్లినా, సంబంధం మాట్లాడటానికి వెళ్లినా, పలకరింపుకు వెళ్లినా, ముందు ఆ ఇంటి గడప వీధికంటే ఎంత ఎత్తులో ఉందో చూస్తుంది. చూసి ఊరుకుంటే పర్వాలేదు. ఎవరూ గమనించడం లేదనుకుంటే వంగి జానలు పెట్టి కొలుస్తుంది కూడా. ఎరిగినవాళ్లు నవ్వుకుంటారు. ఎరగనివాళ్లు ఈవిడకేదో వాస్తు పిచ్చి అనుకుంటారు. వాస్తుకూ ఆవిడకూ ఆమడ దూరం. నీళ్లు ఎందాకా రాగలవో ఒకసారి దగ్గర్నుంచి చూసిన మనిషి, అంతే.

ఆవిడది నగరి. చిత్తూరు జిల్లాకు దక్షిణపు కొస. అక్కడ తెలుగువాళ్లకు అరవం వచ్చు, అరవంవాళ్లకు తెలుగు వచ్చు, రెండూ కలిపి తిట్టుకోవడం అందరికీ వచ్చు. వీధిలో అడుగుపెడితే చాలు, ఇంటింటా మరమగ్గాల మోత. కొత్తవాళ్లు చెవులు మూసుకుంటారు గానీ, ఊళ్లోవాళ్లకు ఆ మోత ఆగితేనే నిద్రాభంగం. పంకజాక్షి భర్త మునిచంద్ర ముప్ఫై ఏళ్లు ఆ మోతలోనే ఉండి చెవులు సగం పోగొట్టుకున్నాడు. పెళ్లాం మాట మాత్రం పూర్తిగా వినిపిస్తుందని ఆయన బాధ.

వాళ్లకు ఇంటి పక్క రేకుల షెడ్డులో నాలుగు మగ్గాలున్నాయి. ఎన్నో ఏళ్లుగా ఇంకొకరు ఇచ్చిన నూలుతో కూలికి నేసేవాళ్లు. 2023లో పంకజాక్షి పట్టుబట్టి సొంత నూలు కొనిపించింది. ఎర్రంచు తెల్ల తువ్వాళ్లు, పొంగల్ పండక్కి. అంచు నూలుకు రంగు అద్దింది మునిచంద్రే. చవక రంగు వేస్తే మిగులుతుంది కదా అని నలుగురూ చెప్పినా వినలేదాయన, వినపడలేదో ఏమో. యాభై మూడేళ్ల పంకజాక్షి జీవితంలో ఇది మా సరుకు అని చెప్పుకోగలిగింది అదే మొదటిది. ఒక్కొక్క తువ్వాలు మడత పెట్టేటప్పుడు అంచుల మీద అరచెయ్యి వేసి ఒక్క క్షణం ఆగేది. ఆ సంతోషం చూసినవాళ్లకు అర్థమవుతుంది, చెప్పబోతే చాతకాదు.

సరుకు నేస్తే సరిపోదు, అమ్మాలి. అమ్మేది పట్నంలో. నగరిలో పట్నం అంటే చెన్నపట్నమే, రెండో మాట లేదు. అక్కడి షావుకార్లకు అడిగిన పూట సరుకు కళ్లముందు ఉండాలి. రేపు లారీకి వస్తుందంటే ఇంకో ఊరివాణ్ణి పిలుస్తారు. అందుకని నగరిలో అయిదు కుటుంబాలు కలిసి, వణ్ణారపేటలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని గోడౌను చేసుకున్నాయి. కలవడం అద్దె వరకే. ఎవరి మూటలు వారివి, ఎవరి బేరం వారిది. ఒకరి మూటకు పచ్చదారం, ఒకరి మూటకు నల్లదారం కట్టుకుని, ఎవరి గోడ వారకి వాళ్లు పేర్చుకునేవాళ్లు. సోమవారం, గురువారం పంకజాక్షి పొద్దున్నే రైలెక్కి వెళ్లి, అయిదిళ్ల సరుకూ షావుకార్లకు అప్పజెప్పి సాయంత్రానికి ఇల్లు చేరేది.

ఆ పని ఆవిడకు రావడానికి కారణం ఒక మీసం. మొదట్లో గోడౌనుకు ఒక కాపలావాణ్ణి పెట్టారు. పెద్దపెద్ద మీసాలు. ఆ మీసాలు చూస్తే దొంగలు పారిపోతారని అందరూ అనుకున్నారు. దొంగలు రాలేదు, నిజమే. ఆయనే రోజుకో నాలుగు మూటలు ఆటోలో వేసుకుని, పదిరోజుల్లో నలభై మూటలతో మాయమైపోయాడు. అప్పుడు అయిదిళ్లకూ పెద్దదిక్కయిన కుప్పుస్వామి రంగంలోకి దిగాడు.

కుప్పుస్వామికి డెబ్బై దాటాయి. లుంగీలు నేయించడంలో ఆయన్ని మించినవాడు లేడు, అనుమానించడంలోనూ లేడు. వీధి వాకిలికి ఇనప గ్రిల్లు పెట్టించాడు. లోపల కెమెరా పెట్టించాడు. రోజూ పొద్దున స్నానం చేసి, దేవుడి పటం కంటే ముందు సెల్లులో గోడౌను దర్శనం చేసుకునేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు, రెండు తాళాలు ఒక ఎత్తు. రెండు కొత్త తాళాలు తిరుత్తణి తీసుకెళ్లి, మురుగన్ ముందు పెట్టి, పసుపూ కుంకుమా పెట్టించి, అయిదిళ్లవాళ్ల చేతా ప్రమాణం చేయించాడు: తాళంచెవులున్న ఇద్దరూ లేనిదే తలుపు తెరవకూడదు. సరుకు అప్పజెప్పే పనీ, ఒక తాళంచెవీ పంకజాక్షికి. రెండో చెవి ఆయన మొలతాడుకు.

ఆ చెవి కోసం డెబ్బై దాటిన మనిషి వారానికి రెండుసార్లు ఆవిడతో పాటు రైలెక్కాల్సి వచ్చేది. దారిపొడుగునా నిద్రపోయేవాడు. అరక్కోణంలో మాత్రం ఎవరో లేపినట్టు లేచి, మురుకులు కొని, సగం ఆవిడకిచ్చి మళ్లీ పడుకునేవాడు. పంకజాక్షి ఆయన్ని మామా అనేది. చుట్టరికం ఏమీ లేదు. ఆయన మనసులో ఎక్కడో ఒక మూల ఈమెను కూడా అనుమానిస్తున్నాడని ఆవిడకు తెలుసు. అనుమానం లేకపోతే రెండో తాళం ఎందుకు? తెలిసీ నవ్వుతూ తిరిగేది. కానీ గుచ్చుకునేది, ఆ మాట కూడా చెప్పాలి.

దొంగల కోసం ఇంత చేసినవాళ్లు నీళ్ల సంగతి ఎందుకు తలచుకోలేదని మీరు అడగొచ్చు. అది నగరి. కొళాయి దగ్గర బిందెలు వరసపెట్టి నీళ్ల కోసం మనుషులు కాచుకునే ఊరు. ఎప్పుడో ఒకసారి కుశస్థలి ఏటికి నీళ్లొస్తే పిల్లాపాపలతో వంతెన మీదకెక్కి చూసొస్తారు. ఆ నీళ్లే మనల్ని వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయంటే వాళ్లకు నవ్వొస్తుంది. వణ్ణారపేట ఇంటికి రెండే మెట్లు. వీధి సముద్రానికి దగ్గర, మురుగు కాలువకు ఇంకా దగ్గర. అద్దె తక్కువని సంతోషించారు. లోపల మూడు గోడల వెంబడీ మంచి అటక ఉంది గానీ, ఎక్కించడం దించడం ఎవరు పడతారని మూటలన్నీ నేల మీదే పేర్చారు.

ఆ డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున టీవీలో తుఫాను, తుఫాను అని ఒకటే గొడవ. పంకజాక్షి టీవీ కట్టేసి కుప్పుస్వామి ఇంటికి వెళ్లింది.

“మామా, ఈ పొద్దే పోదాం రా. మూటలన్నీ అటక మీదికి ఎక్కిచ్చేద్దాం.”

“ఆదివారం కూలోళ్లు యాడ దొరుకుతారు మే? టీవీవోళ్లు అట్లే అరస్తా ఉంటారు. రేపు పొద్దున్న రైలుకి ఎట్లాగూ పోతాం కదా.”

“నీళ్లొస్తే?”

“వస్తే వీధిలోకి వస్తాయి. తాళం యేసిన ఇంట్లోకి యాల వస్తాయి?”

పంకజాక్షి ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. మునిచంద్ర మగ్గం ఆపి, “నీకేం తోస్తే అది సెయ్యి” అన్నాడు. ఆయన నుంచి అంతకంటే పొడుగు మాట ఆశించకూడదు. పొద్దున మామ రాగానే తలుపు తీయొచ్చని, మధ్యాహ్నం రైలుకు తన తాళంచెవి ఒక్కటీ తీసుకుని బయల్దేరింది. గోడౌనుకు రెండు వీధుల అవతల ఆవిడ చిన్నాయన కూతురు చంద్రిక మేడమీద కాపురముంది. అక్కడ దిగింది.

తెల్లారేసరికి వీధి కనపడలేదు, నీళ్లు కనపడ్డాయి. అక్కచెల్లెళ్లిద్దరూ చీరలు ఎగగట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గోడౌను చేరారు. నీళ్లు రెండో మెట్టు మీద ఉన్నాయి. ఇంకో నాలుగు వేళ్లు పెరిగితే గడప మునుగుతుంది. వాన నిలిచే రకంగా లేదు. పంకజాక్షి తన తాళం తీసింది. రెండో తాళం పసుపు కుంకుమలతో అలాగే వేలాడుతోంది.

కుప్పుస్వామికి ఫోన్ చేసింది. ఆయన నగరి స్టేషనులో ఉన్నాడు. రైళ్లన్నీ ఆపేశారట.

“కెమెరాలో ఏమీ కనపళ్లేదు మే, నల్లగా ఉండాది!”

“కరెంటు లేదు మామా. నీళ్లు గడపకొచ్చేసినాయి. నీ తాళం కోయిస్తాను.”

“వద్దు! అది సామి ముందర యేసిన తాళం. నేనొచ్చేదాకా ముట్టద్దు. బస్సుకొస్తా ఉండా.”

“నువ్వొచ్చేలోపల సరుకంతా మురుగులో తేల్తాది.”

కుప్పుస్వామి మెల్లగా అన్నాడు: “నేను లేకుండా తెరిస్తే, రేపు ఒక్క మూట తగ్గినా పూచీ నీదే. ఊళ్లో నలుగురూ అడిగితే నేనేమీ సెప్పలేను.”

ఇక్కడ పంకజాక్షి ఎదుట రెండే దారులున్నాయి. తాళం ముట్టుకోకపోతే ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేరు. నీళ్లొచ్చాయి, ప్రమాణం ఉంది, చేతులు కట్టుకుని నిలబడ్డానంటే సరిపోతుంది. అయిదిళ్ల పండగ సరుకు నాశనమవుతుంది గానీ ఆవిడ పేరు భద్రం. తాళం కోయిస్తే సరుకు దక్కొచ్చు. పేరు మాత్రం లోపలున్న నూట పన్నెండు మూటలకు కట్టి వేలాడదీసినట్టే. లోపల కెమెరా కూడా కన్ను మూసింది. ఏది జరిగినా ఆవిడ చెప్పిందే సాక్ష్యం.

“సరే మామా, పూచీ నాదే” అని ఫోన్ పెట్టేసింది.

పక్కనే ఇనప సామాను చేసే లేతు పట్టడ ఉంది. దాని యజమాని బాలచంద్ర మూడు తరాల కిందట తెలుగు గడ్డ నుంచి వెళ్లి స్థిరపడినవాళ్ల బిడ్డ. కరెంటు లేక చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఇనప రంపం తీసుకుని వచ్చి, తాళం చూసి వెనక్కి తగ్గాడు. “పూజ చేసిన తాళం లాగుందే అక్కా?”

“పూజ సేసింది సరుకు కాపాడమనే కదప్పా. కొయ్యి. పాపమేమన్నా ఉంటే నాకే రానీ.”

అది నిజంగా గట్టి తాళం. కుప్పుస్వామి దేంట్లోనూ పిసినారితనం చేసే మనిషి కాదు. అరగంట పట్టింది. తలుపు తీసేసరికి వెనక తూములోంచి నీళ్లు అప్పటికే లోపలికి వచ్చేసి, నేల తడితడిగా మెరుస్తోంది. అన్నిటికంటే అడుగున ఉన్న మూటలకు అంగుళం చెమ్మ.

ఎక్కించడానికి నలుగురు. పంకజాక్షి, చంద్రిక, బాలచంద్ర, అతని దగ్గర పనిచేసే మురుగేష్. అటక మీద ఎంత సర్దినా తొంభై మూటలకు మించి పట్టవని చూడగానే తెలిసింది. అంటే ఇరవై పైచిలుకు కింద ఉండిపోవాలి. పంకజాక్షి మూటలు సరిగ్గా ఇరవై రెండు, తలుపు పక్కనే ఉన్నాయి.

చంద్రిక మొదట వాటి మీదే చెయ్యి వేసింది. “ముందు నీవి ఎక్కిద్దాం అక్కా. జీవితంలో మొదటి సరుకు. ఎవురు సూడొచ్చినారు? కెమెరా కూడా లేదు.”

పంకజాక్షి మనసు లాగింది. లాగలేదని చెబితే నేను అబద్ధమాడినట్టు. తన మూట ఒకటి ఎత్తి భుజాన కూడా పెట్టుకుంది. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి అక్కడే నిలబడిపోయింది.

“నావి పైన పొడిగా ఉండి, వాళ్లవి కింద నానితే, నేను మళ్లీ నగరిలో మొకమెత్తుకుని తిరగాల్నా వద్దా?” అంది. “కెమెరా లేదని నువ్వంటా ఉండావు. అందుకే మే ముందు వాళ్లవి.”

మూట దించి పక్కన పెట్టింది. పచ్చదారం మూటలు ఎక్కాయి. నల్లదారం మూటలు ఎక్కాయి. కుప్పుస్వామి లుంగీలు ఎక్కాయి, అవే అన్నిటికంటే బరువు. మధ్యాహ్నానికి తొంభై మూటలూ అటక మీదున్నాయి. తన ఇరవై రెండింటినీ పట్టడలోంచి తెచ్చిన బల్లల మీద, స్టూళ్ల మీద, తలకిందులు చేసిన డ్రమ్ము మీద పేర్చింది. నీళ్లు పాదాలు దాటి, పిక్కలు దాటి, మోకాలికి వచ్చాయి. బల్లలు ఊగాయి, ఒరిగాయి. తెల్లటి తువ్వాళ్లు మురుగు మీద తేలే డీజిల్ తెట్టులో మునిగి టీ రంగుకు తిరగడం ఆవిడ కళ్లారా చూసింది. ఏడ్చింది. చాటుగా కాదు, అందరి ముందూ బాగా ఏడ్చింది. మురుగేష్ ఏం చెయ్యాలో తోచక చంద్రిక గొడుగు తెరిచి ఈవిడకు పట్టాడు. ఇంటి లోపల.

కుప్పుస్వామి బుధవారం పొద్దున చేరాడు. ఊత్తుకోట దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, చివర్న పాల బండి. పంచె తొడల పైకి ఎగగట్టుకుని, మొలతాడుకు చెవి వేలాడుతుండగా, మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు. తెరవడానికి ఆ చెవికి తాళమే లేదు. పంకజాక్షి రెండు ముక్కలైన తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన జేబులో వేసుకున్నాడు.

తర్వాత నిచ్చెనెక్కాడు. దారం రంగు చూసుకుంటూ ఒక్కొక్క మూటా వేలితో తాకి లెక్కపెట్టాడు. దిగి, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎక్కి ఇంకోసారి లెక్కపెట్టాడు. నిచ్చెన కింద నిలబడి పంకజాక్షి చూస్తూనే ఉంది. ఒళ్లు మండింది ఆవిడకు. అయినా పూచీ ఒప్పుకున్న మనిషి లెక్కకు నిలబడాలి.

తొంభై. రెండుసార్లూ తొంభై.

కిందికి దిగుతుంటే బురదలో దొర్లుతున్న మూటలు ఆయన కంటబడ్డాయి.

“ఇవెవురివి?”

“నావి.”

“మొత్తం?”

“మొత్తం ఇరవై రెండూ.”

కుప్పుస్వామి నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. బాలచంద్ర టీ తెచ్చి ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. అది చల్లారిపోయింది. సాయంత్రం నగరికి లారీ దొరికినప్పుడు ఆయన చేసిన పని ఒకటే. తడిసిన మూటలు ఎత్తడానికి కూలివాణ్ణి పిలవబోతే ఆపి, మొదటి మూట తనే వీపుకెత్తుకున్నాడు. పంచె నిండా బురద కారింది.

శనివారం పొద్దున నగరిలో పంకజాక్షి ఇంటి ముందు తొట్టెలో నీళ్లు నింపుకుని మొదటి మూట విప్పింది. ఆ వాసనకు వీధి కుక్కలే పక్కకు తప్పుకున్నాయి. మునిచంద్ర ఒక తువ్వాలు నీళ్లలో ముంచి, సబ్బు పెట్టి, రాయి మీద బాది, ఎండకేసి చూశాడు. తెలుపు పూర్తిగా తెలుపు కాలేదు. ఎర్రంచు మాత్రం అంగుళం కూడా తెలుపులోకి దిగలేదు. చెక్కుచెదరలేదు. “సూసినావా” అన్నాడాయన. ఆ వారం మొత్తంలో ఆయన మాట్లాడిన మాటల్లో సగం అదే.

ఇరవై రెండు మూటలు ఇద్దరు మనుషులు ఎన్నాళ్లు ఉతుకుతారు? పండగ ఎదురుగా ఉంది. పంకజాక్షి రెండో తువ్వాలు అందుకుంటుండగా కుప్పుస్వామి భార్య వరలక్ష్మమ్మ తన సొంత బకెట్టు చంకన పెట్టుకుని వచ్చి, అడక్కుండానే ఒక మూట ఈడ్చుకుని కూర్చుంది. ఆమె వెనక పచ్చదారంవాళ్ల కోడలు. ఆమె వెనక నల్లదారంవాళ్లు ఆడామగా అందరూ. మొదటిసారిగా ఆ వీధిలో పట్టపగలు మగ్గాలు ఆగిపోయాయి. కరెంటు పోయిందా అని పక్క వీధివాళ్లు తొంగిచూశారు. ఒకరు ఉతుకు, ఒకరు పిండు, ఒకరు గంజి పెట్టు. స్తంభానికీ స్తంభానికీ తాళ్లు కట్టి ఆరేస్తే సైకిలు కూడా దూరలేకపోయింది. పంకజాక్షి వద్దువద్దంటూ రెండుసార్లు లేచింది. “కూసో మే, నీ కొంగు నా తొట్లో పడతా ఉండాది” అని వరలక్ష్మమ్మ కసిరింది.

కుప్పుస్వామి అరుగు మీద కూర్చుని ఆరినవి మడతపెడుతున్నాడు. అప్పుడు ఆయన సెల్లు మోగింది. పట్నం షావుకారు. ఆయనకు సరిగా వినపడక పెద్దగా పెట్టాడు, వీధంతా వింది.

“కుప్పుస్వామీ, మీ గోడౌన్‌లో ఎవరిదో సరుకు మురుగునీళ్లలో పడిందటగా? ఎవరిది? వాళ్ల సరుకు నాకొద్దు. మిగతా నలుగురివీ తీసుకుంటాను.”

పంకజాక్షి చేతులు నురగలోనే ఆగిపోయాయి. ఇప్పుడు పేరు బయటికొస్తే ఈ తువ్వాళ్లే కాదు, ఇకముందు నేసేవి కూడా ఆ వ్యాపారి ముట్టడు. ఒకడు ముట్టకపోతే పదిమంది ముట్టరు. కుప్పుస్వామి అబద్ధమాడే మనిషి కాదని కూడా ఆవిడకు తెలుసు.

కుప్పుస్వామి చేతిలో తువ్వాలు మడత పూర్తిచేసి పక్కన పెట్టాడు.

“మాదే” అన్నాడు.

“మీదంటే, మీ లుంగీలా?”

“మా అయిదిళ్లదీ. తడిసినాయి, నేను దాచేది లేదు. రెండుసార్లు ఉతికి గంజి పెడతా ఉండాము. వాటికి రేటు తగ్గించుకో, ఆ తగ్గింది అయిదిళ్లోళ్లమూ పంచుకుంటాం. తీసుకుంటే నూట పన్నెండు మూటలూ తీసుకో. లేదంటే నా లుంగీలు కూడా పంపీను.”

షావుకారు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. కుప్పుస్వామి ఫోన్ కట్టేసి, “యాల అందరూ నా మొకం సూస్తా ఉండారు? ఎండ పోతా ఉండాది” అని గదిమాడు.

వీధిలో మళ్లీ బట్టలు బాదే చప్పుడు మొదలైంది. పంకజాక్షికి కళ్లు కనపడలేదు కాసేపు. చేతులకు సబ్బు ఉండటంతో తుడుచుకోవడానికి కూడా లేదు. వరలక్ష్మమ్మ తన పొడి కొంగు చాచి ఆవిడ ముఖం తుడిచి, ఇంకో మూట ముడి విప్పింది.